పచ్చదోమ వంశవృక్షం: మైటోజీనోమ్ ఏం చెబుతుంది?

ఒకే చేలో ఇద్దరు చుట్టాలు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఖరీఫ్ అంటే వేరుశనగ, దాని సాళ్ళ మధ్య కంది. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే ఎర్రనేలల్లో రైతు ఏళ్లుగా నమ్ముకున్న జోడీ ఇది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వేరుశనగ ఆకును తిప్పి చూస్తే అడుగున లేత ఆకుపచ్చ పురుగు కనిపిస్తుంది. పొడవు సుమారు 3 మి.మీ. వేలు దగ్గరికి తెస్తే పిల్ల పురుగులు ఐమూలగా పక్కకు జరుగుతాయి, పెద్దవి ఎగిరిపోతాయి. అదే పచ్చదోమ. రాత్రిపూట దీపానికి మూగుతుంది కాబట్టి దీపపు పురుగు అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ఎంపోయాస్కా కెర్రి, 1940లో ఆ పేరు పెట్టినవారు కీటక శాస్త్రవేత్త హేమ్ సింగ్ ప్రూథీ. ఇది రసం పీల్చిన ఆకు కొన నుంచి ఇంగ్లిష్ ‘వి’ అక్షరం ఆకారంలో పసుపెక్కుతుంది. ముదిరితే చేను మాడినట్టు కనిపిస్తుంది. బెట్టకు వాడిన చేను కూడా దూరానికి దాదాపు అలాగే ఉంటుంది. అందుకే గట్టు మీద నిలబడి తేల్చకూడదు, దిగి ఆకు తిప్పాలి.

పక్క సాలులోని కంది కొమ్మను చూడండి. బెరడు రంగులో, ముల్లు మొలిచినట్టుగా ఒక పురుగు కదలకుండా కూచుని ఉంటుంది. దాని చుట్టూ చీమలు తిరుగుతుంటాయి. దాని వక్షం మొదటి ఖండం పైపలక రెండు పక్కలకూ కొమ్ముల్లా పెరిగి, వెనక్కి పొట్ట మీదుగా సాగి ఉంటుంది. వ్యవసాయ పుస్తకాల్లో దీన్ని ‘కౌ బగ్’ అంటారు, మనం కొమ్ముల పురుగు అందాం. కంది మీద ఎక్కువగా కనిపించేది ఓటినోటస్ ఒనెరాటస్. పాఠ్యపుస్తకం ప్రకారం పచ్చదోమ సికాడెల్లిడే కుటుంబం, కొమ్ముల పురుగు మెంబ్రాసిడే కుటుంబం. అంటే రెండు వేర్వేరు కుటుంబాలు. డీఎన్‌ఏ లెక్క మాత్రం వేరుగా ఉంది. కొమ్ముల పురుగుల శాఖ పచ్చదోమల చెట్టులోంచే మొలిచింది. ఈ మాట చెప్పడానికి వాడిన సాక్ష్యాల్లో ముఖ్యమైనది మైటోకాండ్రియా జన్యురాశి, అంటే మైటోజీనోమ్.

వర్గీకరణలో తికమక

పోటీ పరీక్షల బిట్ల పేపర్లలో అభ్యర్థులను తరచూ పడగొట్టే విషయం ఒకటుంది. పచ్చదోమ, సుడిదోమ, తెల్లదోమ అన్నీ పేరుకే దోమలు. అసలు దోమలు డిప్టెరా క్రమానికి చెందుతాయి, ఈ మూడూ హెమిప్టెరా క్రమానికి చెందుతాయి. ఈ మూడింటిలోనూ మళ్లీ తేడాలున్నాయి. తెల్లదోమ స్టెర్నోరింకా ఉపక్రమంలోది. పచ్చదోమ, సుడిదోమ ఆకినోరింకా ఉపక్రమంలోవి. అయితే వరి సుడిదోమది ఫల్గోరోమార్ఫా శాఖ, డెల్ఫాసిడే కుటుంబం. పచ్చదోమది సికాడోమార్ఫా శాఖ, మెంబ్రాకాయిడియా అధికుటుంబం, సికాడెల్లిడే కుటుంబం. మామిడి పూతను పాడుచేసే తేనెమంచు పురుగులు (ఇడియోస్కోపస్, అమ్రిటోడస్ ప్రజాతులు) కూడా సికాడెల్లిడే కుటుంబానివే.

మొత్తంగా పచ్చదోమలు అని పిలుచుకునే ఈ కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా ఇప్పటివరకు వర్ణించిన జాతులు 20 వేలకు పైనే. హెమిప్టెరాలో అతి పెద్ద కుటుంబం ఇదే. వెనక కాలి జంఘిక మీద వరుసలుగా ముళ్ళుండటం దీని ముఖ్య గుర్తు. భారతదేశపు జాతులకు తొలి పెద్ద పద్దు రాసింది డబ్ల్యూ.ఎల్. డిస్టెంట్, ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ సంపుటాల్లో. మన కాలంలో ఈ పనిని దశాబ్దాల పాటు భుజాన వేసుకున్నవారు బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఎ. విరక్తమఠ్.

ఎంపోయాస్కా లాంటి పురుగులను కంటితో చూసి జాతి చెప్పడం దాదాపు అసాధ్యం. అన్నీ పచ్చగానే, అన్నీ చిన్నగానే ఉంటాయి. మగ పురుగు పొట్ట చివరి భాగం కోసి, క్షారంలో శుభ్రం చేసి, జననాంగాల ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే గాని జాతి తేలదు. ఆడ పురుగు, పిల్ల పురుగు దొరికితే ఆ దారీ లేదు. అలాంటప్పుడే డీఎన్‌ఏ అక్కరకొస్తుంది.

మైటోజీనోమ్‌నే ఎందుకు ఎంచుకున్నారు?

కణంలో కేంద్రక డీఎన్‌ఏ ప్రతులు రెండే ఉంటాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ ప్రతులు వందలు, వేలు ఉంటాయి. 3 మి.మీ. పురుగులోంచి, అదీ కొన్నిసార్లు పాత నమూనాలోంచి డీఎన్‌ఏ తీయాల్సినప్పుడు ఈ తేడా చాలా పెద్దది. పైగా ఇది చిన్న వలయాకార అణువు. పచ్చదోమల్లో మామూలుగా 15 నుంచి 16 వేల క్షార జతల పొడవు ఉంటుంది. పోలికకు మనిషి మైటోజీనోమ్ (1981లో చదివారు) 16,569 క్షార జతలు. కీటకాల్లో తొలిసారిగా 1985లో పూర్తిగా చదివిన డ్రోసోఫిలా యాకుబా ఈగది 16,019.

మరో కారణం వారసత్వం. మనకు ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టే, మైటోకాండ్రియా డీఎన్‌ఏ దాదాపు ఎప్పుడూ తల్లి వైపు నుంచే వస్తుంది. తల్లి, తండ్రి డీఎన్‌ఏ కలిసి ముక్కలు మారే పునఃసంయోజనం ఇందులో సాధారణంగా జరగదు. కాబట్టి ఒక జాతిలో వచ్చిన ఉత్పరివర్తనాలు వరసగా పేరుకుంటూ పోతాయి. వాటిని పోల్చి ఎవరు ఎవరికి దగ్గరో అంచనా కట్టవచ్చు. ఇంటిపేరు ఒక్కటే చూసి వంశమంతా చెప్పలేమన్న సంగతి కూడా అంతే నిజం. దాని గురించి తర్వాత చూద్దాం.

ఇందులో ఉండే జన్యువులు 37. ప్రొటీన్లను తయారుచేసేవి 13, టీఆర్‌ఎన్‌ఏలు 22, ఆర్‌ఆర్‌ఎన్‌ఏలు 2. వీటికి తోడు ప్రతికృతి మొదలయ్యే నియంత్రణ ప్రాంతం ఒకటి. కీటకాల మూల అమరికలో 37 జన్యువుల్లో 23 ఒక పోగు మీద, 14 రెండో పోగు మీద ఉంటాయి. ఇంట్రాన్లు ఉండవు, ఖాళీ చోటు చాలా తక్కువ. అడినిన్, థైమిన్‌ల వాటా బాగా ఎక్కువ. పచ్చదోమల్లో అది మూడొంతులకు అటూ ఇటూగా ఉంటుంది. నియంత్రణ ప్రాంతంలో ఇంకా ఎక్కువ.

జన్యు సంకేతంలో కూడా తేడాలుంటాయి, బిట్లకు ఇది మంచి గని. అకశేరుకాల మైటోకాండ్రియాలో టీజీఏ ఆపు గుర్తు కాదు, ట్రిప్టోఫాన్. ఏటీఏ ఐసోల్యూసిన్ కాదు, మిథియోనిన్. ఏజీఏ, ఏజీజీ ఆర్జినిన్ కాదు, సెరిన్. కొన్ని జన్యువులు పూర్తి ఆపు సంకేతం లేకుండా ఒట్టి ‘టి’తో ముగుస్తాయి. ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక దానికి అడినిన్‌లు చేరి సంకేతం పూర్తవుతుంది.

పురుగు నుంచి చెట్టు దాకా

పని చేలోనే మొదలవుతుంది. వలతో ఊడ్చి గానీ, దీపపు ఎరతో గానీ పురుగులను పట్టి నేరుగా గాఢ ఇథనాల్‌లో వేస్తారు. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ దెబ్బతింటుంది. ప్రయోగశాలలో వక్షం, కాళ్ళ కండరం నుంచి డీఎన్‌ఏ తీసి, మగ పురుగు పొట్ట చివరి భాగాన్ని విడిగా దాస్తారు. ఈ దాచిన భాగాన్ని వోచర్ నమూనా అంటారు. నా దృష్టిలో మొత్తం పనిలో దీన్ని మించిన ముఖ్యమైన మెట్టు లేదు. విద్యార్థులు తమ రికార్డుల్లో అన్నిటికన్నా తక్కువగా రాసేది కూడా దీని గురించే.

ఇదివరకు జన్యురాశిని పీసీఆర్‌తో ముక్కలు ముక్కలుగా పెంచి సాంగర్ పద్ధతిలో చదివేవారు. ఇప్పుడు కొత్త తరం సీక్వెన్సింగ్‌లో మొత్తం డీఎన్‌ఏను చిన్న తునకలుగా చదివి, అందులోంచి మైటోకాండ్రియా తునకలను కంప్యూటర్ ఏరి వలయంగా అతుకుతుంది. ఆ తర్వాత ఏ జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తిస్తారు. వేర్వేరు జాతుల్లోని ఒకే జన్యువును వరసలో పేర్చి క్షారం కింద క్షారం ఉంచుతారు. చివరికి మాగ్జిమం లైక్లీహుడ్, బేసియన్ అనే రెండు గణిత పద్ధతుల్లో చెట్టు గీస్తారు. రెంటిలోనూ ఒకే కొమ్మ వస్తే నమ్మకం పెరుగుతుంది. కొమ్మ పక్కన ఉండే అంకెలు ఆ నమ్మకానికి కొలతలు. మొదటి పద్ధతిలో బూట్‌స్ట్రాప్ (100కి ఎంత), రెండో పద్ధతిలో పోస్టీరియర్ సంభావ్యత (1కి ఎంత).

13 ప్రొటీన్ జన్యువులూ ఒకే వేగంతో మారవు. నిదానంగా మారేది కాక్స్1, గబగబా మారేది ఏటీపీ8. కాక్స్1లోని సుమారు 658 క్షారాల ముక్కనే డీఎన్‌ఏ బార్‌కోడ్ అంటారు. 2003లో పాల్ హెబర్ట్ బృందం దీన్ని జంతువుల గుర్తింపునకు ప్రతిపాదించింది. ఇక్కడొక తేడా గమనించాలి. జాతిని గుర్తుపట్టడానికి బార్‌కోడ్ చాలు. ఉపకుటుంబాల మధ్య చుట్టరికం తేల్చడానికి మాత్రం ఆ ఒక్క ముక్క చాలదు, అక్కడ మొత్తం మైటోజీనోమ్ కావాలి. పరీక్షలో ఈ రెండు ప్రయోజనాలను కలిపేసి రాసేవారే ఎక్కువ.

చెట్టు ఏం చెబుతోంది?

మొదటి విషయం కొమ్ముల పురుగులది. ఒక పూర్వీకుడి సంతతి మొత్తం చేరిన సమూహాన్ని మోనోఫైలెటిక్ అంటారు. ఆ సంతతిలో కొందరిని బయట వదిలేస్తే మిగిలినది పారాఫైలెటిక్. అమెరికాలోని ఇలినాయ్ నేచురల్ హిస్టరీ సర్వేకు చెందిన క్రిస్టఫర్ డీట్రిక్, ఆయన సహచరులు 2001లో రైబోసోమ్ 28ఎస్ జన్యువుతోనూ, 2017లో కేంద్రకంలోని వందలాది జన్యు భాగాలతోనూ కట్టిన చెట్లలో కొమ్ముల పురుగుల శాఖ సికాడెల్లిడే లోపలే వచ్చింది. ఈ మధ్య కాలపు మైటోజీనోమ్ చెట్లు కూడా మొత్తం మీద అదే చెబుతున్నాయి. కొమ్ముల పురుగులను బయట ఉంచిన సికాడెల్లిడే కాబట్టి పారాఫైలెటిక్ సమూహం. పేర్లు ఇంకా మారలేదు. పుస్తకాల్లో రెండు కుటుంబాలు రెండుగానే ఉన్నాయి. వాడుకలో బాగా పాతుకుపోయిన పేర్లను మార్చితే కలిగే గందరగోళం చిన్నది కాదు కాబట్టి శాస్త్రవేత్తలు తొందరపడటం లేదు.

రెండో విషయం రైతుకు దగ్గరిది. ఎంపోయాస్కా కెర్రి టిఫ్లోసైబినే ఉపకుటుంబానికి చెందుతుంది. అది చేసే నష్టం ప్రధానంగా రసం పీల్చడం వల్లే. నువ్వులో పూత మొత్తం ఆకులుగా మారిపోయే వెర్రి తెగులు సంగతి వేరు. దానికి కారణం ఫైటోప్లాస్మా అనే, కణకవచం లేని సూక్ష్మజీవి. దాన్ని మొక్క నుంచి మొక్కకు మోసేది ఒరోసియస్ ఆల్బిసింక్టస్ అనే దీపపు పురుగు. వంగలో ఆకులు చిన్నవై గుబురుగా మారే వెర్రి తెగులును మోసేది హిషిమోనస్ ఫైసిటిస్. వరిలో టుంగ్రో వైరస్‌ను మోసే పచ్చదీపపు పురుగు నెఫోటెట్టిక్స్ వైరెసెన్స్. ఈ మూడూ ఒకే ఉపకుటుంబానివి, పేరు డెల్టోసెఫాలినే. ఫైటోప్లాస్మాలను మోస్తాయని రుజువైన పచ్చదోమల్లో ఎక్కువ భాగం ఈ ఉపకుటుంబంలోనే ఉన్నాయి. అంటే చేలో కొత్త పురుగు దొరికి, దాని డీఎన్‌ఏ ఈ కొమ్మ మీదికి చేరితే, అది తెగులు మోసేదేమో చూడాలన్న అనుమానం వెంటనే రావాలి. అనుమానమే గానీ రుజువు కాదు. తెగులున్న మొక్క మీద పెంచిన పురుగును ఆరోగ్యమైన మొక్క మీద వదిలి, తెగులు వచ్చిందని చూపితేనే రుజువు.

మూడోది జన్యువుల వరస. చాలా పచ్చదోమల్లో 37 జన్యువుల క్రమం డ్రోసోఫిలాలో ఉన్నట్టే ఉంటుంది. డెల్టోసెఫాలినేలోని కొన్ని జాతుల్లో మాత్రం టీఆర్‌ఎన్‌ఏ జన్యువులు స్థానం మారాయి. ఇలాంటి మార్పులు అరుదు కాబట్టి, రెండు జాతుల్లో ఒకే మార్పు కనిపిస్తే ఉమ్మడి పూర్వీకుడిని ఊహించడం సబబే. కానీ ఒకే రకం మార్పు రెండు చోట్ల విడివిడిగా కూడా జరగవచ్చు. ఒక్క టీఆర్‌ఎన్‌ఏ జరిగిందని బంధుత్వం కలిపేయడం తొందరపాటు.

పేరు తప్పితే ఏమవుతుంది?

2000 ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగను ఒక తెగులు తుడిచిపెట్టింది. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. చూపుకు అది మొవ్వకుళ్ళు వైరస్‌లా కనిపించింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును చదివి, అది టుబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. తెగులుకు కాండం కుళ్ళు అని పేరు స్థిరపడింది. వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామర పురుగులు ఆకును గీకినప్పుడు లోపలికి చేరుతుంది. పేరు తేలాక సలహా కూడా మారింది. చేను చుట్టూ వయ్యారిభామను పూతకు ముందే పీకెయ్యమన్నారు, గట్ల వెంట జొన్న, సజ్జ అడ్డు సాళ్ళు వేయమన్నారు. ఇది పచ్చదోమ కథ కాదు. కానీ జన్యువు చదవడం వల్ల కరువు సీమ రైతుకు ఏం ఒరుగుతుందని అడిగేవారికి ఇంతకన్నా మంచి జవాబు నాకు కనిపించలేదు.

పచ్చదోమల దగ్గరికి వస్తే, పత్తి, బెండ మీద వాలే జాతిని మన వ్యవసాయ పుస్తకాలు చాలాకాలం డివాస్టాన్స్ అని రాశాయి. అది 1918లో డిస్టెంట్ పెట్టిన పేరు. అదే పురుగుకు 1913లోనే ఇషిదా అనే శాస్త్రవేత్త ‘బైగట్టులా’ అని పేరు పెట్టారు. ప్రాథమ్య సూత్రం ప్రకారం పాత పేరే చెల్లుతుంది, కాబట్టి ఇప్పుడు అమ్రాస్కా బైగట్టులా. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వేర్వేరు పత్తి ప్రాంతాల నుంచి ఈ పురుగును సేకరించి, కాక్స్1 ఆధారంగా జన్యు వైవిధ్యాన్ని పరిశీలించి 2017లో ప్రచురించారు. ఇదే జాతి 2023లో ప్యూర్టో రికోలో, 2024 చివర్లో ఫ్లోరిడాలో బయటపడింది. సముద్రాలు దాటిన పురుగు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి మనవాళ్ళు చదివి దాచిన ఇలాంటి వరసలే ఆధారం.

తేయాకు కథ హెచ్చరిక లాంటిది. చైనా తేయాకు తోటల పచ్చదోమను ఏళ్లతరబడి ఎంపోయాస్కా వైటిస్ అన్నారు, ఆ పేరుతోనే దాని మైటోకాండ్రియా వరసలు కూడా భాండాగారాల్లోకి వెళ్ళాయి. 2015లో చైనా, జపాన్ నమూనాల మగ జననాంగాలను పోల్చి చూస్తే అది ఎంపోయాస్కా ఒనుకీ అని తేలింది. వరస సరిగ్గా చదివినా, సీసా మీద పేరు తప్పయితే దాన్ని వాడిన ప్రతి చెట్టులోనూ ఆ తప్పు కొమ్మ వేస్తుంది. వోచర్ నమూనా ముఖ్యమని పైన అన్నది ఇందుకే.

మైటోజీనోమ్ ఎక్కడ తడబడుతుంది?

37 జన్యువులున్నా అవన్నీ కలిసికట్టుగా వారసత్వంగా వస్తాయి. కాబట్టి గణితపరంగా అది ఒక్క సాక్ష్యమే, 37 కాదు. తల్లి వైపు చరిత్రే తెలుస్తుంది. రెండు జాతులు ఎప్పుడైనా సంకరమైతే ఒకదాని మైటోకాండ్రియా మరొకదానిలో స్థిరపడి, చెట్టు దారి తప్పవచ్చు. కీటకాల్లో తల్లి ద్వారానే సంక్రమించే వోల్బాకియా బ్యాక్టీరియా వ్యాపించినప్పుడు, దానితోపాటు ఒక రకం మైటోకాండ్రియా కూడా జనాభా అంతటా పాకుతుంది. అప్పుడు వైవిధ్యం నిజంగా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. మైటోకాండ్రియా ముక్కలు కొన్ని కేంద్రకంలోకి చేరి నకళ్ళుగా ఉండిపోతాయి. వాటిని పొరపాటున చదివితే లేని జాతి ఉన్నట్టు తోస్తుంది.

వేగంగా మారే స్థానాలతో మరో చిక్కు ఉంది. సంకేతంలోని మూడో క్షారం కోట్ల ఏళ్లలో మళ్లీ మళ్లీ మారి పాత ఆనవాళ్ళను చెరిపేస్తుంది. అడినిన్, థైమిన్ ఎక్కువగా ఉన్న రెండు జాతులు చుట్టాలు కాకపోయినా చెట్టులో పక్కపక్కన చేరతాయి. అందుకే మూడో క్షారాన్ని తీసేసి ఒకసారి, అమైనో ఆమ్లాలతో ఒకసారి, స్థానానికో వేగం అనుమతించే నమూనాతో ఇంకోసారి చెట్టు కట్టి చూస్తారు. టిఫ్లోసైబినే చోటు ఒక్కో చెట్టులో ఒక్కోలా రావడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి. మన వేరుశనగ పచ్చదోమ ఉపకుటుంబం కుటుంబ వృక్షంలో సరిగ్గా ఎక్కడ అతుక్కుంటుందన్నది ఇంకా తేలని ప్రశ్న.

నా అభిప్రాయం అడిగితే, మైటోజీనోమ్‌ను ప్రజాతి, తెగ స్థాయిలో గట్టిగా నమ్మవచ్చు. ఉపకుటుంబాల లోతైన కొమ్మల దగ్గర కేంద్రక జన్యువులు, శరీర నిర్మాణం ఒప్పుకున్నప్పుడే నమ్మాలి. కొమ్ముల పురుగుల విషయంలో కేంద్రక జన్యువులు కూడా అదే చెప్పాయి కాబట్టే ఆ ఫలితానికి బలం.

పరీక్ష కోణంలో

వ్యవసాయ అధికారి, జువాలజీ లెక్చరర్ లాంటి పరీక్షల్లో ఈ అంశం బిట్లుగా రావచ్చు. గ్రూప్స్ మెయిన్స్ సైన్స్ పేపర్లో బయోటెక్నాలజీ కిందికి వస్తుంది. బిట్లకు అడగదగ్గవి కొన్ని: అకశేరుకాల మైటోకాండ్రియాలో టీజీఏ దేనికి సంకేతం? నువ్వు వెర్రి తెగులు కారక జీవి ఏది, వాహకం ఏది? కాక్స్1 బార్‌కోడ్ సుమారు ఎన్ని క్షారాలు? జవాబులు వరసగా ట్రిప్టోఫాన్, ఫైటోప్లాస్మా, ఒరోసియస్ ఆల్బిసింక్టస్, 658.

పది మార్కుల ప్రశ్న ‘పరిణామ సంబంధాల అధ్యయనంలో మైటోజీనోమ్ పాత్ర’ అని వస్తే సగం జవాబు ప్రయోజనాలకు, సగం పరిమితులకు ఇవ్వండి. అందరూ మొదటి సగమే రాస్తారు. వలయాకార బొమ్మ గీసి నియంత్రణ ప్రాంతాన్ని గుర్తించండి. పారాఫైలీని మాటల్లో వివరించే బదులు నాలుగు కొమ్మల చిన్న చెట్టు గీస్తే సమయం మిగులుతుంది. మైటోజీనోమ్ చుట్టరికాన్ని ‘నిర్ధారిస్తుంది’ అని రాయకండి, ‘సూచిస్తుంది, ఇతర ఆధారాలతో సరిచూడాలి’ అని రాయండి. చదవడానికి వ్యవధి లేకపోతే శాస్త్రీయ నామాల్లో సగం వదిలేసినా నష్టం లేదు. 13, 22, 2 కలిసి 37 అన్న లెక్క మాత్రం వదలకండి.